ఇంటి పాసు

మా అత్త నరసరావుపేట బస్సు మా ఊళ్ళో ఎక్కేది కాదు. ఊరి నుంచి రెండు మైళ్ళు నడిచి సాగర్ కాలవ వంతెన దగ్గర ఎక్కేది. బస్సు ఛార్జీ స్టేజీల లెక్కన ఉంటుంది. వంతెన దగ్గర ఎక్కితే ఒక స్టేజి తగ్గుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కూడా అక్కడే దిగి ఊళ్ళోకి నడిచి వచ్చేది. ఆమె వెళ్ళేది క్షయకు సూదిమందు వేయించుకోవడానికి. ఊపిరి అందని జబ్బుకు మందు కోసం, ఊపిరి అందకుండా నాలుగు మైళ్ళ నడక. ఎనభైల నడుమ జరిగిన మాట ఇది. నా కోపం మాత్రం ఇప్పటికీ పాతబడలేదు.

అదే బస్సులో నేను ఊళ్ళోనే ఎక్కి కూర్చునేదాన్ని. పేటలో డిగ్రీ చదువుతున్నాను. నాకు విద్యార్థుల పాసు ఉంది. నెలకొకసారి కొద్ది డబ్బు కడితే, ఫొటో అంటించి కాలేజీ ముద్ర వేసిన అట్ట ముక్క ఇచ్చేవారు. అది చూపిస్తే నెలంతా ఎక్కవచ్చు, దిగవచ్చు. మా బస్సులోనే ఒక ఆసామి కొడుకు వచ్చేవాడు. వాళ్ళింట్లో రెండు ట్రాక్టర్లు, ఒక జీపు. అతనికీ అదే పాసు, అదే ధర. రోడ్డు పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచే కూలిమనిషికి మాత్రం లేదు. ఆమె చదువుకోవడం లేదు, నెలజీతం ఉద్యోగం చేయడం లేదు. జబ్బుతో ఉంది. జబ్బు ఒక అర్హత కాదు.

అత్త అంటే నాన్న అక్క. అమ్మ నా ఆరో ఏట పోయింది. నాన్న రెండో పెళ్ళి చేసుకుని కృష్ణ అవతలికి వెళ్ళిపోయాడు. అప్పటికే భర్త పోయి, పిల్లలు లేక, ఒక్క గది ఇంట్లో ఉంటున్న అత్త వచ్చి నన్ను తీసుకుపోయింది. ఎవరూ ఆమెను అడగలేదు. "ఈ పిల్ల నాకాడ ఉంటది" అని చెప్పి, నా గుడ్డలు మూటగట్టుకుని నడిచింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళను మెత్తబరచడం అందరికీ అలవాటు. మా అత్త మెత్తని మనిషి కాదు. నోరు పెద్దది. నీళ్ళ దగ్గర, కూలి దగ్గర, ఆఖరికి కథాకాలక్షేపం దగ్గర కూడా తగువు పెట్టుకునేది. నన్ను కొట్టింది కూడా. ఒకసారి కళాయి గరిటెతో కొట్టింది, ఆ మచ్చ మోచేతి మీద ఇంకా ఉంది. కానీ ఎవరి సొమ్మూ ఊరికే తినేది కాదు. మిరపకోతకు పోయినప్పుడు కొంగున నాలుగు కాయలు వేసుకురావడం అందరూ చేసేదే. అడగకుండా అవి కూడా తెచ్చేది కాదు. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఆమెను దొంగ అన్నారు.

దగ్గు పత్తితీతల కాలంలో మొదలైంది. పత్తి దుమ్ము అనుకున్నాం. పత్తి అయిపోయింది, దగ్గు పోలేదు. మనిషి సగమైంది. కారంపూడి డాక్టరు ఛాతీ ఫొటో తీయించుకోమన్నాడు. పేటలో ఒక చిన్న ధర్మాసుపత్రి ఉంది. అక్కడ ఫొటో తీసి క్షయ అన్నారు. మందు సర్కారుది, డబ్బు అక్కర్లేదు అన్నారు. వారానికి రెండు సూదులు, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. రోజూ బిళ్ళలు. ఏడాదిన్నర. సూదిమందు సీసా ఇంటికివ్వరు, మనిషి వచ్చి ఎదురుగా వేయించుకోవాలి. చుట్టుపక్కల ఆ మందు దొరికే చోటు మాకు అదొక్కటే.

అక్కడి నర్సు పెద్దావిడ. అత్త చేతికి పసుప్పచ్చ కార్డు ఇచ్చి, వేలు చూపించి మరీ చెప్పింది.

"మధ్యలో మానేశావో, మళ్ళీ మొదటికి వస్తుంది. అప్పుడు ఈ మందు పనిచెయ్యదు. బాగయినట్టే ఉంటుంది, మోసపోవద్దు. వింటున్నావా?"

"ఇంటన్నా తల్లీ. రెండూ ఒకేసారి పొడవరాదా? మంగళారంది, శుక్రారంది కలిపి? ఒక్క రోజు కూలే పోద్ది."

"కలిపి పొడిస్తే నువ్వే పోతావు."

"అయితే వద్దులే" అంది అత్త.

అంటే ఏడాదిన్నర పాటు వారానికి రెండు రోజులు ఆమె కూలి పోవాలి, రెండు రోజులు బస్సు ఛార్జీ పెట్టాలి. కూలి రాని రోజే ఖర్చయ్యే రోజు. ఆసుపత్రి గోడ మీద మందులు ఉచితం అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. ఆ గోడ దాకా రావడం ఉచితం కాదు. ఆ రెండో సంగతి ఏ గోడ మీదా రాయలేదు. మొదటి నాలుగు నెలలు ఎట్లాగో నెట్టుకొచ్చింది. ఒక మనిషి కూలి డబ్బుతో రెండు కడుపులు నిండాలి, నా కాలేజీ ఫీజు వెళ్ళాలి. తర్వాత ఛార్జీలు పెంచారు. రేడియోలో వార్తల్లో చెప్పారు, పెంపు స్వల్పమేనని. స్వల్పం అన్న మాట ఎవరి జేబును చూసి వాడతారో నాకు అప్పటినుంచీ తెలుసు. ఆ వారం నుంచే అత్త వంతెన దాకా నడవడం మొదలుపెట్టింది.

నేను వద్దన్నాను. "నీ పాడెక్క, నాలుగడుగులు నడిస్తే అరిగిపోతానా ఏందే" అంది. పొద్దున్నే నాకంటే గంట ముందు బయలుదేరేది. కొన్నిరోజులు దగ్గు ఎక్కువై దారిలో ఆగిపోయేది. అప్పుడు బస్సు ఆమెను దాటి ముందుకు పోయేది. నేను కిటికీ పక్కన కూర్చుని చూసేదాన్ని. వంతెన దగ్గర కండక్టరు బస్సు ఆపి ఉంచేవాడు, ఆమె వచ్చేదాకా. ఆయనది మాచర్ల, మెకానిక్కుల కుటుంబం. అందరూ భాయ్ అనేవారు. అత్త మాత్రం తమ్ముడా అనేది. ఒక్కోసారి డ్రైవరు విసుక్కునేవాడు.

"భాయ్, టైము."

"టైముదేముందన్నా, అదెక్కడికీ పోదు. అక్క వస్తంది."

నేను బస్సు దిగి అత్తతో నడవవచ్చు. ఒక్కరోజు కూడా ఆ పని చేయలేదు. కాలేజీ పిల్లలు బస్సులో ఉండేవారు.

నా రెండో ఏడు పరీక్షలకు ముందు చదువుకోవడానికి సెలవులిచ్చారు. ఒక మంగళవారం పొద్దున నేను ఇంట్లో ఉన్నాను. అత్త చీర మార్చుకుని, గూట్లో ఉన్న నా పాసు తీసి రొండిన దోపుకుంది.

"అదెందుకత్తా?"

"నువ్వియాల పోవటంలేదుగా?"

"పోకపోతే?"

"నేను పోతన్నా."

"అది నా పాసు. దాని మీద నా ఫొటో ఉంది."

"బియ్యం కార్డు నా పేరున ఉంది. పోయిన నెల బియ్యం ఎవరు తెచ్చారు? నువ్వు. డీలరు ఇయ్యనన్నాడా? ఇంటికిచ్చింది ఇంట్లో ఎవరన్నా వాడుకుంటారు. ఇద్దరం ఒక్కసారే పోతే తప్పు. ఒకళ్ళే పోతన్నామాయె."

సర్కారు కాగితాల్లో మా ఇంటికి తెలిసింది బియ్యం కార్డొక్కటే. అది ఇంటికి ఇస్తారు. ఒకరు వెళ్ళలేకపోతే ఇంకొకరు వెళ్ళి తెస్తారు. పాసు కూడా అలాంటిదే అని అత్త అనుకుంది. నేను చదువుకున్నదాన్ని, కాదని నాకు తెలుసు. కానీ ఎందుకు కాదో చెప్పబోతే నాకు మాట దొరకలేదు. అప్పటినుంచి చాలా పుస్తకాలు చదివాను. ఇప్పటికీ దొరకలేదు.

ఆమె వెనకే రోడ్డు మీదికి వెళ్ళాను. పాసు ఉంది కాబట్టి వంతెన దాకా నడవక్కర్లేదని మా ఊరి స్టేజిలోనే నిలబడింది. బస్సు ఆగింది. భాయ్ ఆశ్చర్యపోయాడు.

"ఏందక్కా, ఇయ్యాల ఈడే ఎక్కుతన్నావు? నడక మొహం మొత్తిందా?"

"పాసుంది" అని అత్త అట్ట ముక్క పైకెత్తి చూపించింది.

ఆయన ఫొటో చూశాడు, ఆమెను చూశాడు, కింద నిలబడిన నన్ను చూశాడు.

"ఇది మీ పిల్లది గదక్కా."

"అవు. మా ఇంటిదే."

"పాసు మనిషికిస్తారు. ఇంటికి గాదు."

"నెల నెలా డబ్బు కట్టామా లేదా?"

"కట్టారు."

"పిల్ల ఇయ్యాల రావటంలే. దాని సీటు ఖాళీగానే పోద్దిగా? ఆ సీట్లో నేను కూకుంటే మీ ఇంజనుకేమన్నా బరువా?"

బస్సులో నవ్వులు మొదలయ్యాయి. ముందు సీట్లోని ముసలాయన ఫొటో అడిగి తీసుకుని చూసి, "పోనీయ్ భాయ్, ఈ పిల్లకే దగ్గొస్తే ఇట్టాగే ఉంటది" అన్నాడు.

"నీకు దగ్గొస్తే ఎట్టుంటావో నేను జెప్తా, దిగు" అంది అత్త.

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "ఎక్కించుకో భాయ్. ఈ వాదన తెగేలోపు పేట కోర్టు మూసేస్తారు."

భాయ్ పక్కకు జరిగాడు. అత్త ఎక్కి, కిటికీ దగ్గర నేను రోజూ కూర్చునే సీట్లోనే కూర్చుంది. దారి పొడుగునా అది తన సీటు కాదు, నా సీటు అని పక్కవాళ్ళకు చెబుతూ వెళ్ళిందట.

ఆ సెలవుల్లో నాలుగు వారాలు అలాగే జరిగింది. మంగళవారం, శుక్రవారం అత్త పాసుతో వెళ్ళేది. నేను వెళ్ళాల్సిన రోజైతే టికెట్టు కొనుక్కుని, వంతెన దాకా నడిచి వెళ్ళేది. ఒకే రోజు ఒకే పాసు ఇద్దరం ఎన్నడూ వాడలేదు. ఆమె లెక్క ఆమెది, అందులో తేడా రానిచ్చేది కాదు. నడక తగ్గి, ఆ నెల మనిషి కాస్త తేరుకుంది. అన్నం ఎక్కువ తింటోంది. నర్సు బరువు చూసి మెచ్చుకుందని ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పింది.

అయిదో వారం శుక్రవారం సాయంత్రం. మర్నాడు నాకు కాలేజీలో పని ఉంది, పాసు తీసుకుందామని స్టేజి దగ్గర నిలబడ్డాను. బస్సు వచ్చి ఆగింది కానీ ఎవరూ దిగలేదు. తలుపు దగ్గర ఇద్దరు చెకింగ్ వాళ్ళు ఉన్నారు. దిగేవాళ్ళ టికెట్లు ఒక్కొక్కటే చూస్తున్నారు.

అత్త వంతు వచ్చింది. నేను రోడ్డు మీద నుంచి చూస్తున్నాను. ఆ క్షణాన ఆమె టికెట్టు పోయిందని అంటే సరిపోయేది. జరిమానా కట్టేవాళ్ళం, అంతటితో తీరేది. దాచవలసింది ఏదో ఉందని ఆమెకు తెలిస్తే గదా. ధీమాగా పాసు తీసి ఇచ్చింది.

"ఇదెవరిది?"

"మా ఇంటిది. అదిగో, మా పిల్ల. ఇయ్యాల అది పోలేదు, నేను పోయొచ్చా."

చెకింగ్ ఆయన నవ్వాడు. మంచి నవ్వు కాదు.

"దొంగ పాసు మీద ఎన్నాళ్ళుగా తిరుగుతున్నావు?"

అత్తకు కోపం వచ్చింది. దొంగ అన్న మాట ఆమె పడదు.

"దొంగేందయ్యా? డబ్బు కట్టి తీసుకున్నాం. ఈ తమ్ముణ్ణి అడగండి, నేను దాచుకోని పోతన్నానేమో. నెల రోజులుగా ఈయనకి చూపించే ఎక్కుతన్నా. చెప్పు తమ్ముడా."

భాయ్ భుజాన ఉన్న టికెట్ల సంచి తీసి సీటు మీద పెట్టాడు. ఆమె తన నిజాయితీకి సాక్ష్యంగా ఆయన్ను పిలిచింది. ఆ సాక్ష్యమే ఆయన మీద కేసు. అక్కడే బానెట్టు మీద కాగితం పెట్టి రాశారు. పాసు లాక్కున్నారు. జరిమానాకు అత్త దగ్గర ఉన్నది చాలకపోతే, తక్కువ పడింది భాయ్ తన జేబులోంచి ఇచ్చాడు. ఇస్తున్నప్పుడు కూడా, "ఊరుకో అక్కా, దగ్గొస్తది" అన్నాడు.

బస్సు వెళ్ళిపోయాక అత్త చాలాసేపు రోడ్డు మీదే నిలబడింది. "నేనేం తప్పు మాట్టాడానే?" అని నన్ను అడిగింది. అప్పుడు నేను అన్న మాట రాయాలి. "నీకు చెప్పాను గదా, అది నా పాసని" అన్నాను. అందరి ముందూ అన్నాను.

భాయ్‌ని సస్పెండ్ చేశారని రెండు రోజుల్లో తెలిసింది. మేమిద్దరం డిపో ఆఫీసుకు వెళ్ళాం. పాసు కోసం కాదు, ఆయన కోసం వెళ్దామని అత్త అంది. అక్కడి అధికారి చెడ్డవాడు కాదు. మమ్మల్ని కూర్చోమన్నాడు. అత్తను అమ్మా అన్నాడు. చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది, ఒక మనిషిని తిట్టుకుని ఊరుకునేదాన్ని.

"రూలు అలా ఉందమ్మా. కండక్టరు తెలిసీ ఎక్కించుకున్నాడు. అది సంస్థకు నష్టం."

"ఏం నష్టం సారూ? ఆ సీట్లో నేను కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారు? మా బస్సు సగం ఖాళీగా పోద్ది."

"అలా చూడకూడదమ్మా."

"మరెట్టా జూడాల?"

ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. రాయితీ ఎవరెవరికి ఉందో చదివి వినిపించాడు. విద్యార్థులకు ఉంది. నెలజీతం ఉద్యోగులకు నెల టికెట్టు ఉంది. శాసనసభ్యులకు డబ్బు లేకుండానే ఉంది. ఇంకా ఏవేవో ఉన్నాయి. చదవడం అయిపోయాక కాగితం వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమైనా ఉందేమోనని. నిజంగానే చూశాడు. ఏమీ లేదు.

"జబ్బు మనుషులకు, కూలీలకు లేదమ్మా."

అత్త కుర్చీ అంచుకు జరిగింది.

"మందిచ్చేది గవర్మెంటు. బస్సు నడిపేదీ గవర్మెంటే గదా సారూ. ఇద్దరికీ మాటల్లేవా?"

ఆయన ఒక తెల్లకాగితం ముందుకు జరిపాడు. అర్జీ రాసి ఇమ్మన్నాడు, పైకి పంపుతానన్నాడు. అక్కడే బల్ల మీద నేను రాశాను. అత్త వేలిముద్ర వేసింది. పైకి పంపే ఉంటాడు. పైన ఎవరున్నారో నాకు తెలియదు. జవాబు రాలేదు. నా పాసు ఆ చదువు ఏడాది ముగిసేదాకా రద్దు అని మాత్రం కాలేజీకి వెంటనే ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరానికి దారి బాగానే తెలిసింది.

ఈమధ్య ఆడవాళ్ళకు పల్లెబస్సుల్లో టికెట్టు లేకుండా చేశారు. మొన్న ఒక బస్సులో ఇస్త్రీ చొక్కా ఆయన పక్కాయనతో అంటున్నాడు, పనీపాటా లేని ఆడోళ్ళంతా ఎక్కి తిరుగుతున్నారని, ఉచితమైతే జనానికి విలువ తెలియదని. నాకు గొడవలు చేతకావు. ఆయన వైపు మాత్రం దిగేదాకా చూస్తూ కూర్చున్నాను. బస్సు ఛార్జీ విలువ తెలిసిన మనిషిని నేను చూశాను. ఆ విలువ ఆమెకు చెప్పులు అరిగిన కాడికి తెలుసు. ఈయనకు తెలిసిన విలువేమిటో నాకు అర్థం కాలేదు.

పాసు పోయాక చేతిలో ఉన్న డబ్బు ఒక్కరి ఛార్జీకే సరిపోతుంది. నాకు ఏడాది పరీక్షలు, వాటికి ముందు ప్రాక్టికల్సు. మూడు వారాల పాటు రోజూ పేట వెళ్ళాలి. అత్తకు వారానికి రెండుసార్లు. రెండూ కుదరవని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. తర్వాతి మంగళవారం ఆమె వెళ్ళి వచ్చింది. పోయేటప్పుడు నడక, వచ్చేటప్పుడు నడక. వచ్చి గడపలో కూర్చుంది.

"నర్సమ్మ ఇక సూదులు చాలంది."

"చాలందా? ఏడాదిన్నర అన్నారు గదా?"

"నా ఒళ్ళు బాగా పట్టిందంట. బిళ్ళలు మింగితే చాలంట. ఏమే, నన్నే అడ్డప్రశ్నలేస్తన్నావు, నువ్వేమన్నా డాక్టరువా?"

నేను నమ్మాను. నమ్మకపోతే కాలేజీ మానాలి. అందుకని నమ్మాను. నా చేతిలో బస్సు డబ్బులు పెట్టింది. నేను వెళ్ళి పరీక్షలు రాశాను, మంచి మార్కులు వచ్చాయి.

డబ్బు ఒక్కటే కారణం కాదని తర్వాత తెలిసింది. పక్కింటి పిన్నితో అన్నదట, "ఆ బస్సు మెట్టెట్టా ఎక్కను? ఆ బిడ్డ కూటిమీద మన్ను పోశా. కొత్త కండక్టరు టికెట్టడిగినప్పుడల్లా అతనే గుర్తొస్తన్నాడు" అని. బిళ్ళలు కూడా ఇంట్లో ఉన్నన్నాళ్ళే మింగింది. అవీ పేటలోనే ఇస్తారు.

కొన్ని నెలలు నర్సు చెప్పినట్టే జరిగింది. బాగయినట్టే ఉంది. అత్త మిరపకోతకు పోయింది, చేనిగట్టు మీద ఎవరితోనో తగువు పెట్టుకుంది, నన్ను రెండుసార్లు తిట్టింది. వానలు పడ్డాక దగ్గు తిరగబెట్టింది. ఈసారి దగ్గులో రక్తం ఉంది. నేను తీసుకుపోయాను. నర్సు పసుప్పచ్చ కార్డు తెరిచి, వరసగా ఖాళీగా ఉన్న గళ్ళ మీద వేలు పెట్టి, నా మొహంలోకి చూసింది.

"నేను చాలన్నానా? ఎవరు చెప్పారు నీకు?"

అత్త గోడవైపు తిరిగింది. నేను నేల చూశాను.

"ఎందుకు మానేశావమ్మా? మందుకు డబ్బు తీసుకున్నామా మేము?"

"మందుకు లేదు తల్లీ" అంది అత్త.

మళ్ళీ మందు మొదలుపెట్టారు. పనిచేయలేదు. ఆ చలికాలం గడవకుండానే పోయింది. చివరి రోజుల్లో ఏమీ గొప్పమాటలు చెప్పలేదు. పక్కింటివాళ్ళ గేదె మా పెరట్లోకి వస్తోందని, కంప అడ్డం పెట్టమని చెప్పింది.

పెద్దకర్మ అయిన తర్వాత ఒక మధ్యాహ్నం భాయ్ వచ్చాడు. మూడు నెలల సస్పెన్షన్ తర్వాత ఉద్యోగంలోకి తీసుకున్నారట. దారి మార్చి, ఎత్తిపోతల జలపాతం చూడబోయేవాళ్ళ బస్సు మీద వేశారట. అత్త పోయిన సంగతి మా డ్రైవరు చెబితే తెలిసిందన్నాడు. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు, గడప దగ్గరే చతికిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా. మొదటిరోజే కాదనుంటే అక్క నడిచే పోయేది. నడుస్తా నడుస్తా సూదులు పూర్తి చేసుకునేది."

"తప్పు నాది" అన్నాను. ఆమె అబద్ధం నేను నమ్మిన సంగతి చెప్పాను. ఆమె ఆయన కోసం ఎంత బాధపడిందో చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడు నాకు తోచింది. అత్త తప్పు తనదనుకుని పోయింది. ఈయన తప్పు తనదనుకుని గడపలో కూర్చున్నాడు. నేను తప్పు నాదనుకుంటూ బతుకుతున్నాను. ఆ కాగితం రాసినవాళ్ళు, సూది ఇక్కడ, మనిషి అక్కడ పెట్టి మధ్య దారికి టికెట్టు పెట్టినవాళ్ళు, ఏ రాత్రీ నిద్ర చెడగొట్టుకుని ఉండరు. మేం ముగ్గురం పంచుకున్న తప్పులో వాళ్ళు రవ్వంత కూడా తీసుకోలేదు.

వెళ్ళేముందు ఆయన ఒక మాట చెప్పాడు.

"నేను ఇయ్యాల టికెట్టు కొనుక్కోని వచ్చానమ్మా. నాకు స్టాఫు పాసుంది. ఈ ఊరికి రావటానికి అది తియ్యబుద్ధి గాలేదు." చెప్పులు వేసుకుంటూ మళ్ళీ అన్నాడు. "మాకు ఏడాదికిన్నిసార్లని ఇంటిల్లిపాదికీ పాసులిస్తారు. నా భార్యకి, పిల్లలకి, మా అమ్మకి. ఇంటి పాసే. అక్క అడిగింది అదేగా. నేనేమో పాసు ఇంటికియ్యరని చెప్పా ఆమెకి."

బియ్యం కార్డు తెలిసిన మనిషి పొరపాటు పడిందని అన్నాళ్ళూ అనుకున్నాను. ఆమె పొరపాటు పడలేదు. ఇంటికి పాసు ఇవ్వడం వాళ్ళకు తెలిసిన సంగతే. ఏ ఇళ్ళకు ఇవ్వాలో నిర్ణయించుకున్నారు, అంతే.

ఆయన్ను సాగనంపడానికి స్టేజిదాకా వెళ్ళాను. బస్సుకు ఇంకా గంట ఉంది. ఆయన ఇటూ అటూ చూసి, "వంతెన కాడ ఎక్కుతా" అన్నాడు. నేనూ ఆయనతో నడిచాను. ఎండ లేదు, చల్లటి గాలి ఉంది. ఇద్దరికీ దగ్గు లేదు. అయినా రెండు మైళ్ళు ఎంతకీ తరగలేదు. దారిలో ఒకచోట తుమ్మచెట్టు కింద మైలురాయి ఉంది. అత్త దాని మీద కూర్చునేదని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన తనంతట తానే దానిమీద కూర్చుని, చెప్పులో ఇరుక్కున్న రాయి తీసుకున్నాడు.

వంతెన చేరేసరికి ముప్పావు గంట పైన పట్టింది. ఆయన మొహం తుడుచుకుని మా ఊరివైపు తిరిగి చూశాడు.

"బస్సులోంచి చూస్తే ఇది అయిదు నిమిషాల దూరమమ్మా" అన్నాడు.

అవునన్నాను. నేనూ బస్సులోంచే చూశాను.